ఇంట్లో ఫోస్టర్ కేర్ పాప, నాకు ఐదో నెల: పురిటికి పుట్టింటికి వెళ్ళడం ఎలా?

ప్రశ్న: వేదాయపాలెం గృహిణి, నెల్లూరు

అందరికీ నమస్కారం. నా భర్త ఒక ప్రైవేటు కళాశాలలో లెక్కలు చెబుతారు. నేను ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. పెళ్ళయిన తరువాత చాలా కాలం పిల్లలు కలగకపోవడంతో, దత్తత వివరాలు తెలుసుకుందామని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్ళాము. కన్నవాళ్ళు ఉండీ పెంచలేని పరిస్థితిలో ఉన్న పిల్లలను మన ఇంట్లో ఉంచుకుని పెంచే ఫోస్టర్ కేర్ అనే ఏర్పాటు కూడా ఉందని అక్కడే మొదటిసారి విన్నాము. ఇంటి పరిశీలన, పోలీసు విచారణ, ఆరోగ్య ధ్రువపత్రాలు అన్నీ పూర్తయ్యాక బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఇచ్చింది, పాప మా ఇంటికి వచ్చింది. పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి చదువుతోంది. కన్నతల్లి ఉన్నది. ఆమె అప్పుడప్పుడు సమితి కార్యాలయానికి వచ్చి పాపను చూసి వెళుతుంది.

ఇప్పుడు నాకు ఐదో నెల. సంతోషమే, కానీ దానితో పాటు ఇంట్లో మాటలు మొదలయ్యాయి. పక్కింటి ఆమె రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో నా కోసం సంతాన రొట్టె పట్టుకున్నదట, ఆ పుణ్యమే అంటుంది. మా అమ్మ మాత్రం పాప కాలు పెట్టిన వేళ మంచిదంటుంది. మా అత్తగారు ఒక అడుగు ముందుకు వేసి, "ఆ పిల్ల వచ్చిన పని అయింది, ఇక హాస్టల్లో చేర్పించండి" అని వరండాలో కూర్చుని పెద్దగానే అన్నారు. పాప విన్నదో లేదో నాకు అప్పుడు తెలియలేదు. ఆ తరువాత ఒక రోజు మంచం కింద ఊడుస్తుంటే బియ్యం సంచి ఒకటి చీపురుకు తగిలింది. అందులో పాప గౌన్లు రెండు, బడి నోటుపుస్తకాలు, ఆధార్ జిరాక్సు, టిఫిన్ డబ్బాలో కొన్ని బిస్కెట్లు మడతపెట్టి సర్దినట్లు ఉన్నాయి. ఎందుకమ్మా ఇది అని అడిగితే, "నేను వెళ్ళేటప్పుడు మీకు సర్దే పని ఉండకూడదు కదా" అన్నది. ఏడవలేదు, అలగలేదు, లెక్క అప్పజెప్పినట్లు చెప్పింది.

నా సందేహాలు ఇవి. మా పుట్టిల్లు ప్రకాశం జిల్లాలో దర్శి దగ్గర పల్లెటూరు. తొలి చూలు కనుక ఏడో నెలలో చలిమిడి పెట్టి తీసుకువెళతామని, బిడ్డకు మూడో నెల నిండాక పంపుతామని మా వాళ్ళు అంటున్నారు. పాపను వెంట తీసుకువెళ్ళవచ్చా, లేక జిల్లా దాటించడానికి అనుమతి కావాలా? గర్భం సంగతి సమితికి చెబితే పాపను వేరే చోటికి మార్చేస్తారేమోనని నా భర్త భయపడుతున్నారు. ఆ భయం నిజమేనా? అన్నిటికంటే ముందు, ఆ సంచి విషయంలో నేను ఏమి చేయాలి? పాపను పంపించేయమని చెప్పదలచిన వారు కూడా రాయండి, కాకపోతే కారణం రాయండి.

జవాబు 1: ఒంగోలు అక్క

చెల్లెమ్మా, మా అమ్మాయి పుట్టేనాటికి మా ఇంట్లో ఫోస్టర్ కేర్‌లో తొమ్మిదేళ్ళ బాబు ఉన్నాడు. ఇప్పుడు వాడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు, మా ఇంట్లోనే ఉన్నాడు. కాబట్టి ఇవన్నీ మా ఇంట్లో జరిగిన సంగతులే.

ముందు సంచి సంగతి. దానిని నీవు విప్పవద్దు, బట్టలు తీసి అలమరలో పెట్టవద్దు. ఒకసారి ఇల్లు మారిన పిల్లలకు తమ సామాను తమ చేతికి అందేలా ఉండడమే ధైర్యం. మంచి గుడ్డ సంచి ఒకటి కుట్టి ఇవ్వు, నీ చేతిలో కుట్టుమిషను ఉన్నది కదా. అలమరలో ఒక అర పాపదేనని చెప్పి తాళంచెవి చేతికి ఇవ్వు. తనంతట తాను సర్దుకుంటుంది, లేదా కొన్నాళ్ళు సర్దుకోదు. రెండూ ఫరవాలేదు. బిస్కెట్లు దాచినందుకు మాత్రం ఎవరూ ఒక్క మాట అనకూడదు. మా వాడు అటుకులు దాచేవాడు, చీమలు పట్టేవి, మూత బిగువుగా ఉన్న డబ్బా ఒకటి ఇచ్చాము.

రెండవది, "కాలు పెట్టిన వేళ" అనే మాటను ఇంట్లో ఆపించు. అది మెచ్చుకోలులా వినిపిస్తుంది కనుక ఎవరూ అడ్డు చెప్పరు. కానీ పాప వల్లనే కడుపు పండింది అన్న నోరే, రేపు నీకు రక్తపోటు పెరిగినా, బిడ్డ బరువు తగ్గినా, పాప వల్లనే అనడానికి ఎంతసేపు పడుతుంది? అదృష్టం తెచ్చిన పిల్ల అనిపించుకోవడం కంటే మామూలు పిల్లగా ఉండడమే ఆ వయసుకు సుఖం. మీ అత్తగారితో ఈ మాట నీవు కాదు, మీ ఆయన చెప్పాలి. కోడలు చెబితే అది కోడలి మాట అయి కూర్చుంటుంది. కొడుకు ఒకసారి గట్టిగా, మర్యాదగా చెబితే అది ఇంటి నిర్ణయం అవుతుంది.

ఇక పుట్టిల్లు. నీవు వెళ్ళవద్దనే నా సలహా. ఏడో నెల నుంచి బిడ్డకు మూడు నెలలు నిండే వరకు అంటే అర సంవత్సరం. అంతకాలం నీవు కనిపించకపోతే, ఎంత నచ్చజెప్పినా పాపకు అది ఇంతకుముందు జరిగినదే మళ్ళీ జరగడం. పోనీ వెంట తీసుకువెళితే బడి పోతుంది. పుట్టింటికి వెళ్ళడంలో ఉన్న మేలు అమ్మ చేతి వంట, ఒళ్ళు అలసిపోకుండా చూసుకునే మనిషి, అంతే కదా. ఆ మనిషినే మీ ఇంటికి రప్పించు. మా అమ్మ కనిగిరి దగ్గర పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నది. గేదెలను పక్కవాళ్ళకు అప్పగించి వచ్చానని రోజూ సణిగేది, కాయం డబ్బా మాత్రం మరచిపోకుండా తెచ్చింది. చలిమిడి, గాజులు మా ఇంట్లోనే జరిపించాము. ఊళ్ళో వాళ్ళు నాలుగు రోజులు అనుకున్నారు, తరువాత వేరే సంగతి దొరికింది.

బిడ్డ సంగతి పాపకు బంధువుల నోట కాకుండా మీ నోట వినిపించాలి. ఇప్పటికే వినేసింది కనుక, మీరిద్దరూ కలిసి కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పండి. "నిన్ను అలాగే చూసుకుంటాము" అన్న ఒక్క వాక్యంతో వదిలిపెట్టవద్దు. బిడ్డ వచ్చాక ఏమేమి మారతాయో కూడా చెప్పండి: రాత్రిళ్ళు ఏడుపు ఉంటుంది, అమ్మ మంచం మీదే ఎక్కువ ఉంటుంది, మైపాడు బీచికి కొన్నాళ్ళు వెళ్ళలేము, జడ నాన్నో అమ్మమ్మో వేస్తారు. మారనివి కూడా అంతే వివరంగా చెప్పండి. మీరు ముందు చెప్పిన చిన్న చిన్న మార్పులు నిజమవుతుంటే, మారదని చెప్పిన పెద్ద సంగతిని కూడా నమ్ముతుంది.

పిల్లలు మనసులో ఉన్నది నేరుగా అడగరని కూడా గుర్తుంచుకో. బాబు ఆ రోజుల్లో నన్ను అడిగింది ఒక్కటే, "పాప పుట్టాక కూడా ఆదివారం చేపల పులుసు ఉంటుందా?" అని. అది చేపల గురించి అడిగిన ప్రశ్న కాదు. కానీ జవాబు మాత్రం చేపలతోనే చెప్పవలసి వచ్చింది. బాలింత ఉన్న ఇంట్లో వంటంతా పథ్యానికి తిరుగుతుంది. పులుపు ఉండదు, కారం తగ్గుతుంది, వండే మనిషికి రెండో వంట చేసే ఓపిక ఉండదు. ఆ ఇంట్లో ఉన్న పెద్దపిల్ల చప్పిడి కూడు తింటూ ఈ బిడ్డ వచ్చాకే ఇలా అయిందని అనుకుంటుంది. అందుకని పాప తిండి బాధ్యత పూర్తిగా మీ ఆయనకు అప్పగించు. ఆయనకు పులుసు పెట్టడం రాకపోతే ఈ నాలుగు నెలల్లో నేర్పించు. మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో తెలిస్తే మిగిలినది కష్టం కాదు.

నొప్పులు రాత్రివేళ వస్తే పాప ఎక్కడ, ఎవరి దగ్గర పడుకుంటుందో ముందే అనుకుని, ఆ ఇంట్లో ముందుగానే ఒకటి రెండు రాత్రులు పడుకోబెట్టు. నిద్ర లేచేసరికి మీరిద్దరూ కనిపించకపోవడం అదే మొదటిసారి కాకూడదు. బిడ్డ పుట్టాక మైల అని పురిటి గదిలోకి పిల్లలను రానివ్వరు. మా ఇంట్లో నేను ఒప్పుకోలేదు. చేతులు కడిగించి, చాప మీద కూర్చోబెట్టి, ఒళ్ళో దిండు పెట్టి, బిడ్డను దాని మీద ఉంచాము. ఆ తరువాత కొన్ని వారాలు బాబు పక్క తడిపాడు, ముద్దుమాటలు మాట్లాడాడు, ఒకసారి పాలసీసా కూడా అడిగాడు. ఇచ్చాము. తాగి, బాగాలేదని వాడే పక్కన పెట్టాడు.

ఒక్క విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉండు. మీది ఆడపిల్ల, ఎనిమిదేళ్ళది. వచ్చిన ప్రతి చుట్టమూ "ఉయ్యాల ఊపమ్మా, గుడ్డలు ఆరేయమ్మా, నీళ్ళు తెమ్మా" అంటారు. పాప కూడా చేస్తుంది, చేస్తేనే ఉండనిస్తారనుకుని మరీ ఎక్కువ చేస్తుంది. చూస్తుండగానే ఆ ఇంట్లో ఒక పనిపిల్ల తయారవుతుంది. సరదాకు ఉయ్యాల ఊపడం వేరు, ఆ పని తనదే కావడం వేరు.

జవాబు 2: బాలల సంరక్షణ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఉద్యోగి

అమ్మా, మీ భర్తగారి భయానికి ముందు జవాబు చెబుతాను. గర్భం ధరించడం పాపను తీసివేయడానికి కారణం కాదు. 2015 నాటి బాల న్యాయ చట్టంలో ఫోస్టర్ కేర్ గురించి 44వ సెక్షన్ ఉన్నది. దాని ప్రకారం సమితి ప్రతి నెలా మీ ఇంటిని పరిశీలింపజేయాలి, పాప సంరక్షణలో కుటుంబం లోపం చేస్తున్నదని తేలితే మరొక కుటుంబానికి మార్చాలి. చూసేది పాప ఎలా ఉన్నదనే. నెలనెలా పరిశీలనకు వచ్చే మనిషి కళ్ళకు కనిపించే సంగతిని దాచడం వల్ల, లేని అనుమానాన్ని మీరే పుట్టించినవారవుతారు.

కాబట్టి ఇప్పుడే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. గర్భం సంగతి, ప్రసవం ఏ నెలలో కావచ్చు, ఎక్కడ జరిపించుకుంటారు, ఆ రోజుల్లో పాపను ఎవరు చూసుకుంటారు, ఇంట్లో కొత్తగా వచ్చి ఉండే పెద్దవారు ఎవరు, ఇవన్నీ రాసి, నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకోండి. అదే కాగితంలో పాపకు కౌన్సెలింగ్ కావాలని, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికను మారిన పరిస్థితికి తగినట్లు సవరించాలని అడగండి. అడిగిన కుటుంబాన్ని ఎవరూ తక్కువగా చూడరు. అడగకుండా ఉండి, తొమ్మిదో నెలలో హడావిడిగా వచ్చి "మా వల్ల కాదు" అనే కుటుంబాలే పాపలకు నష్టం చేస్తాయి.

జిల్లా దాటే విషయం. పాప మీ దగ్గర ఉన్నది సమితి ఉత్తర్వు మీద. పండుగకు దర్శి వెళ్ళి రావడానికి ముందుగా తెలియజేస్తే సరిపోవచ్చు గానీ, నెలల తరబడి వేరే జిల్లాలో ఉంచాలంటే సమితి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవలసిందే. బడి మారడం, నెలవారీ పరిశీలన అక్కడ ఎవరు చేయాలన్నది, కన్నతల్లి చూడడానికి వచ్చే ఏర్పాటు, అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. ఒంగోలు సోదరి చెప్పినట్లు మీరు నెల్లూరులోనే ఉండగలిగితే ఈ తతంగమే అక్కరలేదు.

కన్నతల్లి రాకపోకలు మీ గర్భం కారణంగా ఆగకూడదు. మీరు ఆటోలో తిరగలేని నెలల్లో మీ భర్త తీసుకువెళ్ళవచ్చు. ఆ సందర్శనలు ఆగిపోతే, కొత్త బిడ్డ వల్ల ఉన్న ఒక్క తల్లి కూడా పోయిందని పాప అనుకునే ప్రమాదం ఉన్నది.

సీమంతం ఫోటోల గురించి ఎవరూ చెప్పలేదు కనుక చెబుతున్నాను. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని అదే చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. పాప వేడుకలో ఉండాలి, కొత్త బట్టలు కట్టుకోవాలి, ఇంటి ఆల్బంలో ఫోటో కూడా ఉండాలి. కానీ "మా ఫోస్టర్ పాప" అని రాసి వాట్సాప్ స్టేటస్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఎవరూ పెట్టకుండా ఫోటోగ్రాఫరుకు, చుట్టాలకు ముందే చెప్పండి.

డబ్బు సంగతి మీరు అడగలేదు. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద ఫోస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉన్నది. మీకు మంజూరై ఉంటే ఆ ఖాతా లెక్కను పురిటి ఖర్చులతో కలపకుండా విడిగా ఉంచండి. పరిశీలనలో అడుగుతారు. ఇక దత్తత మాట. పాపను దత్తతకు అర్హురాలిగా సమితి ప్రకటించనంతవరకు అది సాధ్యం కాదు. ఒకవేళ ఎప్పుడైనా అలా ప్రకటిస్తే, 2024 నాటి ఫోస్టర్ కేర్ నమూనా మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ళు పెంచిన ఫోస్టర్ కుటుంబం దత్తత కోరవచ్చు. ఇదివరకు ఆ గడువు ఐదేళ్ళు. మీకు సొంత బిడ్డ ఒకరు ఉండడం దానికి అడ్డు కాదు. అయినా ఇప్పుడు పాపను ఓదార్చడానికి "నిన్ను దత్తత తీసుకుంటాము" అనవద్దు. మీ చేతిలో లేని మాట అది.

జవాబు 3: కావలి నుంచి ఒక తండ్రి

పంపించేయమని చెప్పేవారు కారణం రాయాలని అడిగారు కనుక రాస్తున్నాను. మా దగ్గరి బంధువుల ఇంట్లో ఇలాంటి పరిస్థితే వచ్చింది. ఆమెకు ఏడో నెలలో రక్తపోటు పెరిగి మంచం దిగవద్దన్నారు, భర్త ఉద్యోగం వేరే ఊళ్ళో, అత్తగారికి ఆ పిల్లవాడంటే మొదటి నుంచి పడదు. వాడికి వేళకు అన్నం పెట్టిన మనిషి లేదు. అందరూ మంచివాళ్ళే, అయినా అలా జరిగింది. అందువల్ల మీ గురించి కాదు, మీ ఇంట్లో మీరు లేచి తిరగలేని రోజున పాపకు అన్నం ఎవరు పెడతారన్నది ఆలోచించండి. ఆ మనిషి పేరు చెప్పలేకపోతే, ఏడో నెల రాకముందే సమితికి చెప్పి మంచి కుటుంబాన్ని వెతకమనడమే న్యాయం. పురిటి మంచం మీద నుంచి పంపడం కంటే అది మేలు. పేరు చెప్పగలిగితే నా అభ్యంతరం లేదు.

జవాబు 4: ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు

పై ముగ్గురూ వదిలేసిన ఒక విషయం. బడికి వెళ్ళే పిల్ల ఉన్న ఇంట్లో గర్భిణి కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. మీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో మీ అమ్మగారిని అడగండి. పోసి ఉంటే సాధారణంగా మళ్ళీ రాదు. పోయలేదన్నా, గుర్తులేదన్నా డాక్టరుకు చెప్పండి, రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. పాపకు ఒంటి మీద పొక్కులు కనిపిస్తే వేపమండలు పెట్టి ఊరుకోకుండా అదే రోజు మీరు కూడా డాక్టరుకు చూపించుకోండి. పాప టీకాల కార్డు చూసి తట్టు, రుబెల్లా టీకా పడిందో లేదో నిర్ధారించుకోండి. పడకపోతే పాపకు వేయించవచ్చు, గర్భంతో ఉన్న మీకు మాత్రం ఆ టీకా వేయరు. పేలమందు, గజ్జికి రాసే మందు మీ చేతులతో పాపకు పట్టించే ముందు అడిగి పట్టించండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి. ఆ రోజు బడికి సెలవైతే పాపను కూడా తీసుకువెళ్ళండి. కొందరు డాక్టర్లు బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తారు.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు: వేదాయపాలెం గృహిణి

అందరికీ ధన్యవాదాలు. కావలి అన్నగారూ, మీ మాట కటువుగా ఉన్నా మేము రాత్రి కూర్చుని మాట్లాడుకున్నది మీ ప్రశ్న గురించే. పేరు చెప్పగలం. మా అమ్మ రావడానికి ఒప్పుకున్నది. నాన్నకు వంట ఎవరు చేస్తారన్న పేచీ ఇంకా తేలలేదు, అది మా అన్నయ్య, వదినలు చూసుకోవాలి. మా ఆయన అత్తగారితో మాట్లాడారు. ఆమె రెండు రోజులు పలకలేదు, మూడో రోజు పాప కోసం మలై కాజా తెప్పించారు. మనసు మారిందని అనను, నోరు మాత్రం తగ్గింది.

సమితికి ఉత్తరం ఇచ్చాము, ముద్ర వేసి నకలు ఇచ్చారు. గుడ్డ సంచి కుట్టాను. పాప దానికి జిప్పు కావాలన్నది, జిప్పు వేశాను. సామాను అందులోకి మార్చింది గానీ అలమరలోకి పెట్టలేదు.

ఒక్క చిన్న సందేహం మిగిలింది. ప్రసవానికి ఆసుపత్రిలో చేరినప్పుడు పాపను చూడడానికి తీసుకువస్తే, "ఈ పిల్ల మీకేమవుతుంది" అని గేటు దగ్గర అడుగుతారు కదా. ఫోస్టర్ కేర్ ఉత్తర్వు చూపించాలా?

జవాబు: విశ్రాంత ఉద్యోగి

గేటు దగ్గర చూపించనక్కరలేదు. "మా పాప" అంటే చాలు, అబద్ధం కాదు. ఉత్తర్వు జిరాక్సు ఒకటి మీ భర్తగారి దగ్గర ఉంచండి. పాపకే జబ్బు చేసి చేర్పించవలసి వస్తే అప్పుడు అవసరపడుతుంది. సంతకం ఎవరు పెట్టవచ్చో, పెద్ద చికిత్స అయితే సమితికి ఎలా తెలియజేయాలో ఈ నెల పరిశీలనకు వచ్చినప్పుడే అడిగి రాయించుకోండి.

జవాబు: ఒంగోలు అక్క

సంచి అలమరలోకి వెళ్ళలేదని బెంగపడకు. మా వాడిది చాలా కాలం గుమ్మం పక్కనే ఉండేది. మీ ఆయన పులుసు మొదలుపెట్టారా లేదా, అది రాయి ముందు.

వేదాయపాలెం గృహిణి

మొదలుపెట్టారు అక్కా. మొన్న ఉప్పు రెండుసార్లు వేశారు. పాప అన్నంలో మజ్జిగ పోసుకుని తిని, వచ్చే ఆదివారం ఉప్పు తానే వేస్తానన్నది.